దొడ్డమ్మ గోడకు మా సున్నం

నా చిన్నప్పుడు మా నాన్నమ్మ ఒక గోడ మీద పగ తీర్చుకుంది. గోడ మీద అంటే గోడ కట్టించిన మనిషి మీదే అనుకోండి. ఇప్పుడు రాయ్‌పూర్‌లో కొత్తగా కట్టుకున్న ఇళ్లకు వెళ్లి ఏ గదిలో ఏ లైటు ఎక్కడ పెట్టాలో చెప్పడం నా పని. ఇదంతా ఏ కాలేజీలో నేర్చుకున్నావు పెద్దత్తా అని మా అన్నయ్య పిల్లలు అడుగుతూ ఉంటారు. కాలేజీకి వెళ్లిన మాట నిజమే గానీ, అసలు చదువు ఐదో తరగతిలో ఉండగా మా ఇంట్లోనే అయిపోయింది. నేర్పిన మనిషికి మాత్రం నేర్పాలన్న ఉద్దేశం లేదు. ఆవిడకు కడుపు మండింది, అంతే.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి, రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్‌లో నాలుగు గదుల ఇల్లు కట్టాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ పంచుకున్నారు. భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే పెద్దనాన్నకు వీధి వైపు రెండు గదులూ, పక్కనున్న పెరడూ వచ్చాయి. రోలింగు మిల్లులో పనిచేసే మా నాన్నకు వెనక రెండు గదులు వచ్చాయి. మా ఇంట్లోకి రావాలంటే పక్కనున్న సన్నటి సందులోంచి నడిచి రావాలి. పంపకాల రోజున నాన్నమ్మను ఎవరి దగ్గర ఉంటావని అడిగితే, పెళ్లి కావలసిన మా చిన్నత్తను తీసుకుని చిన్నకొడుకు దగ్గరే ఉంటానంది. పెద్దకోడలిని, అంటే మా దొడ్డమ్మను, వద్దనడానికి ఆవిడ కారణాలు ఆవిడకు ఉన్నాయి. దొడ్డమ్మ మాత్రం ఆ మాటను నలుగురిలో జరిగిన అవమానంగా తీసుకుంది.

మా పెద్ద గదికి ఉన్నది ఒకటే కిటికీ. అది ఉత్తరం వైపు, వాళ్ల వాటాకు వెళ్లిన పెరట్లోకి తెరుచుకునేది. ఆ కిటికీ ముందు చేతులు బారచాపితే అందేంత జాగా మాది, ఆ తర్వాత వాళ్లది. సరిగ్గా ఆ హద్దు మీద దొడ్డమ్మ ఒక గోడ లేపించింది. మా కప్పు కన్నా ఎత్తుగా, పూత కూడా లేకుండా ఎర్ర ఇటుకలతో. దొంగల భయమని చెప్పింది. మా ఇంట్లో దొంగలెత్తుకుపోయేదేముందో, ఆ దొంగలు మా కిటికీలోంచి వాళ్ల పెరట్లోకి ఎందుకు దూకుతారో ఎవరూ అడగలేదు. పెద్దనాన్న తలొంచుకుని మేస్త్రీకి ఇటుకలు అందించాడు. కన్నకొడుకు తన కిటికీకి అడ్డంగా ఇటుకలు అందిస్తుంటే నాన్నమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

బీర్‌గావ్ గాలిలో ఉండే నల్ల మసి గురించి అక్కడ బతికిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న ఉర్లా ఫ్యాక్టరీల నుంచి వచ్చి ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ల బిందె మీద, మనుషుల ముక్కుల్లో కూర్చుంటుంది. ఆ ఎర్ర గోడ కొద్ది రోజుల్లోనే నల్లబడిపోయింది. మా పెద్ద గది పట్టపగలు చీకటి. మధ్యాహ్నం కూడా బల్బు వేసుకోవాల్సిందే. కరెంటు పోతే బియ్యంలో రాళ్లు కూడా కనబడేవి కావు. వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్లిపోయేవారు. లోపలికి రమ్మన్నా, కళ్లు చికిలించుకుని చూసి, పనుందని చెప్పేవారు. ఇల్లు చీకటైతే మనుషులు రావడం ఎలా మానేస్తారో నేను అప్పుడే చూశాను.

ఆ చలికాలంలో చిన్నత్తకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లది రైల్వే కాలనీ, రెండు తరాలుగా రైల్వే ఉద్యోగాలు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. మా వాళ్లలో పెళ్లిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. పెళ్లికూతురి ఇంట్లో రోలుకు, రోకలికి పసుపు పూసి, తోరం కట్టి, ముత్తయిదువులు పసుపుకొమ్ములు దంచుతారు. వియ్యాలవారి వైపు ఆడవాళ్లు కూడా వస్తారు. వాళ్లు పిల్ల పుట్టింటి గడప తొక్కేది ఆ రోజే.

దొడ్డమ్మ ఎవరినీ అడక్కుండానే పెళ్లికొడుకు తల్లికి కబురు పంపింది, పసుపు దంచడం తమ హాల్లోనే అని. వాళ్ల హాల్లో ఎదురెదురుగా రెండు ట్యూబులైట్లు, గచ్చు మీద కొత్త టైల్సు. కుళాయి దగ్గర అందరూ వింటుండగా మా అమ్మతో అంది.

"ఆ సీకటి కొట్లోకి మెహమానుల్ని ఏ మొకం పెట్టుకుని పిలుస్తావు? పిల్ల మొకం సూడాలంటే టార్చి పట్టుకోవాలి. మా ఇంట్లో సేసీండి. అత్తని మాత్రం ఆ పూట ఇటు రానీకు, శుభమా అని పసుపు దంచుతున్నప్పుడు ఎదురు రాకూడదు కదా."

తాత పోయాక నాన్నమ్మ బొట్టు తీసేసింది. అలాంటివాళ్లు రోలు దగ్గరకు రాకూడదన్న పట్టింపు మా వాళ్లలో ఉన్నదే. తన ఇంట్లో అయితే రోలుకు దూరంగా ఒక పక్కన కూర్చుని అన్నీ చూసుకోవచ్చు, లెమ్మనే హక్కు ఎవరికీ లేదు. దొడ్డమ్మ హాల్లో అయితే సొంత కూతురు పెళ్లికూతురవుతుంటే గోడ ఇవతల కూర్చుని రోకలి చప్పుడు వినాలి. దొడ్డమ్మకు కావలసింది అదే. అమ్మ ఇంటికొచ్చి చెబితే చిన్నత్త ఏడ్చింది. ఈ గొడవలు వద్దు, ఎక్కడో ఒకచోట కానిచ్చేద్దామని నాన్న గొణిగాడు. నాన్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కంచం ముందు కూర్చుని, అన్నం ముట్టకుండా, కిటికీలోంచి ఆ గోడనే చూసింది. కంచం పక్కకు తోసి, నా కూతురు నా గుమ్మంలోనే పెళ్లికూతురవుతుంది, ఆ మనిషి కూడా వచ్చి ఇక్కడే కూర్చుంటుంది అంది. ఎలాగో ఆవిడకు కూడా అప్పటికి తెలియదనుకుంటాను.

తెలిసింది ఒక ఉతుకుడు రోజున. అమ్మ ఆ ఇరుకు జాగాలో, గోడకు ఆనుకుని కట్టిన తాడు మీద నాన్న తెల్ల పంచెలు రెండు ఆరేసింది. నాన్నమ్మ గదిలో చేటలో బియ్యం పోసుకుని వేళ్లతో తడుముతూ రాళ్లేరుతోంది. ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. చేట కనబడుతోంది, గింజలు కనబడుతున్నాయి. పంచె తీసి చూడమని నాకు చెప్పింది. తీశాను, గది చీకటి. మళ్లీ వెయ్యమంది. వేశాను, వెలుగు. నాకు అదొక ఆటలా ఉండి మళ్లీ మళ్లీ తీసి వేశాను. మా కప్పు మీంచి దాటివచ్చే ఎండ ఆ గోడకు తగులుతూనే ఉంది, ఆ నల్లటి ఇటుకలు దాన్ని తాగేస్తున్నాయి. తెల్లబట్ట దాన్ని తాగకుండా మా గదిలోకి తిప్పి పంపుతోంది. ఈ సంగతి అప్పుడు నాకు ఇంత వివరంగా తెలియదు. నాన్నమ్మకు తెలిసిపోయింది. ఆవిడ మొహంలో ఆ గోడ లేచాక మొదటిసారి నవ్వు చూశాను, అది మంచి నవ్వు కాదు.

ఆ సాయంత్రమే నాన్న చేత సున్నం తెప్పించింది. డ్రమ్ములో నీళ్లు పోసి సున్నం వేస్తే కుతకుతా ఉడుకుతుంటే మమ్మల్ని దూరంగా నిలబెట్టింది. వడగట్టి, జిగురు కలిపి, చిటికెడు నీలిమందు వేసింది. ముందు గోడకు పట్టిన మసంతా కొబ్బరిపీచుతో రుద్ది కడిగించింది. తర్వాత అమ్మ, చిన్నత్త, నేను కుంచెలు పట్టాం. మా వైపు మొత్తం, అడుగు నుంచి అంచు దాకా, ఒక పూత ఆరాక ఇంకో పూత. గోడ వాళ్లదే అయినా మా వైపు ముఖానికి సున్నం వేసుకుంటే కాదనేవాళ్లు ఎవరు? దొడ్డమ్మ డాబా మెట్లెక్కి తొంగి చూసి, ఈ మసిలో ఎన్నాళ్లుంటుందిలే అని నవ్వి దిగిపోయింది. ఆ మాటా నిజమే. నాలుగు రోజులకే బూడిదరంగు వచ్చేసింది. నాన్నమ్మ తడిగుడ్డతో తుడిపించి మళ్లీ వేయించింది. బీర్‌గావ్‌లో తెల్లగా ఉండాలంటే రోజూ దెబ్బలాడాలి, దానికి ఆవిడ సిద్ధంగానే ఉంది.

అంతటితో ఆగలేదు. ఆ వెలుగు గదిలోకి వచ్చి ఎక్కడ పడుతోందో, ఎక్కడ ఆగిపోతోందో పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూసింది. కిటికీ పక్కనున్న బీరువాను లోపలి గదిలోకి తోయించింది. నీలం కర్టెను పీకి పారేసింది. కిటికీకి ఎదురుగా ఉన్న అలమరలో చింతపండుతో తోమిన ఇత్తడి పళ్లేలు నిలబెట్టించింది. కిటికీలోంచి వచ్చిన వెలుగు వాటికి తగిలి, పసుపుగా మారి, గది మూలలకు పాకేది. ఎర్ర గచ్చును కొబ్బరినూనె గుడ్డతో తుడిపించింది. సందు సంగతి ఇంకా చిత్రం. సందు మొదట్లో వేలాడే బల్బును తీయించి, సందు చివర మా గుమ్మం లోపల, మనిషి కంటికి నేరుగా కనబడకుండా తలుపు చాటున పెట్టించింది. నాన్నకు అది తిక్కపనిలా తోచింది, మనుషులు నడిచేది సందులో అయితే బల్బు లోపలెందుకని విసుక్కున్నాడు. ఇప్పుడు నా దగ్గరకొచ్చే ఇళ్లవాళ్లు కూడా అదే ప్రశ్న వేస్తారు. అతిథి బయల్దేరిన చోట కాదు, చేరవలసిన చోట వెలుగుంటే కాళ్లు వాటంతట అవే అటు పడతాయని వాళ్లకు చెబుతాను. ఆ రోజు నాన్న ఎంత విసుక్కున్నా బల్బు నాన్నమ్మ చెప్పిన చోటుకే వెళ్లింది.

ఇక పిలుపులు. అమ్మ కుంకుమభరిణె పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, తెలుగువాళ్ల ఇళ్లన్నింటికీ వెళ్లి బొట్టు పెట్టి పేరంటానికి పిలిచింది. రైల్వే కాలనీకి కూడా వెళ్లి, పసుపు దంచడం పిల్ల తల్లి ఇంట్లోనే అని చెప్పి వచ్చింది. అందరి తర్వాత దొడ్డమ్మ ఇంటికి వెళ్లమని నాన్నమ్మ చెబితే అమ్మ కుంకుమభరిణె కింద పెట్టేసింది. సొంత మనుషులకు బొట్టు పెట్టి పిలవడం మాలో లేదు. ఇంటి కోడలు పిలవకుండానే వచ్చి నడుం బిగిస్తుంది. బొట్టు పెట్టి పిలిచామంటే, నువ్వు మాకు పరాయిదానివి అని మొహం మీద చెప్పినట్టే. పోనీ రాకుండా ఉండొచ్చా అంటే, బొట్టు పెట్టించుకుని పేరంటానికి రాని ముత్తయిదువును ఊరంతా అనుకుంటుంది. వీధిలో నలుగురూ ఉన్న వేళ చూసి వెళ్లాం. అమ్మ వేలు నుదుటికి తగిలినప్పుడు దొడ్డమ్మ మొహం ఎర్రబడింది.

ఊరుకుంటుందని మేం అనుకోలేదు. పసుపు దంచే రోజు తెల్లారేసరికి మా తెల్ల గోడ లేదు. వాళ్ల ఇంట్లో ఉన్న ముదురురంగు బొంతలన్నీ ఆరేసినట్టుగా గోడ మీంచి మా వైపుకు వేలాడదీసింది. గది మళ్లీ చీకటి కొట్టు. చుట్టాలు వచ్చే వేళ దగ్గరపడుతోంది. చిన్నత్త పెళ్లికూతురి చీరలో కూర్చుని మళ్లీ ఏడుపు మొదలెట్టింది. అమ్మ బొంతల్ని అటువైపు విసిరేస్తానంది. నాన్నమ్మ ఆపి, వాటిని మర్యాదగా కిందికి దించమంది, దుమ్ము దులిపి గదిలోకి తెమ్మంది. గచ్చు మీద వరసగా పరిపించి, పైన తెల్ల దుప్పట్లు కప్పించింది. ఆ పని అవుతున్నంతసేపూ ఆవిడ పెదవులు బిగించి ఉన్నాయి గానీ కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

పదిగంటల ఎండ మా కప్పు దాటి గోడ మీద పడేసరికి పెళ్లికొడుకు తల్లి, ఆవిడ వెనక రైల్వే కాలనీ ఆడవాళ్లు వచ్చారు. సందులోకి అడుగుపెట్టి, చివరన గుమ్మంలో కనబడుతున్న వెలుగు వైపు నేరుగా నడిచి వచ్చేశారు. గదిలోకి వచ్చి, ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూశారు. ఎవరూ కళ్లు చికిలించలేదు. ఎక్కడి నుంచి వస్తోందో తెలియని ఆ మెత్తటి వెలుగులో మా చిన్నత్త మొహం, బుగ్గన పసుపు, కళ్లలో ఆరని తడి, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. పెళ్లికొడుకు తల్లి ఆ పిల్ల గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. అందరూ కూర్చున్నారు, కాళ్లు చాపుకున్నారు, కింద ఎంత మెత్తగా ఉందో అనుకున్నారు. నాన్నమ్మ రోలుకు దూరంగా, కిటికీ పక్కన, గదిలో అన్నిటికన్నా వెలుగున్న చోట పీట వేసుకుని కూర్చుంది. లెమ్మని ఎవరూ అనలేదు.

దొడ్డమ్మ అందరికన్నా ఆఖరున వచ్చింది. గుమ్మంలో నిలబడి గదిని చూసింది. కిటికీని చూసింది, కిటికీలోంచి తన గోడను చూసింది. నాన్నమ్మ లేచి ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని, తన పక్కనే కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడ కూర్చున్న చోట దుప్పటి అంచు కొంచెం తొలగి, కింద బొంత కనబడుతోంది. తన బొంతను తను గుర్తుపట్టడానికి దొడ్డమ్మకు ఎంతోసేపు పట్టలేదు. అప్పుడు నాన్నమ్మ వియ్యపురాలి వైపు తిరిగి, గదంతా వినేలా చెప్పింది.

"ఈవిడ మా పెద్ద కోడలమ్మా. ఈ ఎలుగంతా ఈవిడ కట్టించిన గోడదే. మీరు కూకున్న బొంతలు కూడా ఈవిడవే, పొద్దున్నే లేచి పంపించింది. నా కూతురి పెళ్లికి ఈవిడ సేసినంత ఎవరూ సెయ్యలేదు."

పెళ్లికొడుకు తల్లి పాపం అమాయకురాలు. నిజమే అనుకుని దొడ్డమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆడపడుచు కోసం ఇంత ప్రేమగా చేసే వదినలు ఎక్కడుంటారని, మీలాంటి ఇంటి నుంచి పిల్లను తెచ్చుకోవడం మా అదృష్టమని చెప్పింది. దొడ్డమ్మ నవ్వాలి. నవ్వింది. ఆ వెలుగులో ఆ నవ్వు ఎంత కష్టపడి వచ్చిందో గదిలో ఉన్న ప్రతి తెలుగావిడకూ కనబడింది. ట్యూబులైటు కింద అయితే బహుశా దాచుకోగలిగేది. రోకలి ఆవిడ చేతికిచ్చారు, దంచింది. నేను ఆనందం పట్టలేక, రెండు చేతులతో నోరు మూసుకుని అమ్మ వెనక దాక్కున్నాను. ఆ ఆనందం తప్పని ఇప్పటికీ నాకు అనిపించదు.

తర్వాత దొడ్డమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. గోడ కూల్చేస్తే మా కిటికీకి ఆకాశం వస్తుంది. ఉంచితే సున్నపు వెలుగు వస్తుంది. కొంచెం తగ్గిస్తానని పెద్దనాన్న అంటే కూడా ఒప్పుకోలేదట. నాన్నమ్మ ప్రతి పండక్కీ ముందు, దొడ్డమ్మ అవతల పెరట్లో ఉన్న వేళ చూసి మరీ, మా చేత ఆ గోడకు సున్నం వేయించేది. కుంచె చప్పుడు అవతలికి వినబడేలా గట్టిగా కొట్టమనేది.

నేను కాలేజీలో చేరేసరికి దొడ్డమ్మకు చూపు మందగించింది. ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్సు కుట్టేది. ఆ హాల్లో ట్యూబులైటు కళ్లలో పొడిచినట్టుంటుందని, సూదిలో దారం ఎక్కడం లేదని, ఒకరోజు చీర పట్టుకుని మా సందులోంచి వచ్చింది. నాన్నమ్మ కిటికీ దగ్గర పీట వేసింది. మర్నాడు కూడా వచ్చింది. ఆ తర్వాత మధ్యాహ్నం అయ్యేసరికి రావడం అలవాటైపోయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఎక్కువ మాట్లాడుకోకుండా, ఒకరు బియ్యం ఏరుకుంటూ ఒకరు కుట్టుకుంటూ ఉండేవారు. చూడటానికి ఎంతో బాగుండేది. నాకు కాలేజీలో చదివిన మంచిమాటలు గుర్తొచ్చి, ఆవిడ వెళ్లాక నాన్నమ్మను అడిగాను, దొడ్డమ్మను క్షమించేశావా అని. ఆవిడ నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"సెమించడమేటే గుంటా? కట్టుకున్న ఇల్లంతా ఒగ్గీసి, ఎలుగు కావాలంటే నా కాడికే రావాలి. రోజూ వస్తాది. నేను పోయినా వస్తాది. అంతకన్నా ఏటి సెయ్యాలి దాన్ని?"

నాన్నమ్మ పోయాక కూడా దొడ్డమ్మ వచ్చేది. ఆ పీట మీదే కూర్చునేది, ఒక్కోసారి కుట్టడం ఆపి కళ్లు తుడుచుకునేది. అది ఏ దుఃఖమో నేను అడగలేదు. గోడకు సున్నం మాత్రం వేయిస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నన్ను పిలిపించుకునే ఇళ్లవాళ్లు ముందు పెద్ద పెద్ద దీపాల ఫొటోలు చూపిస్తారు. వచ్చినవాళ్లు ఇంట్లోకి అడుగుపెట్టగానే బాగుందనాలి, కూర్చోవాలనిపించాలి అంటారు. నేను అన్నీ విని, ఇంటి ఆడవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక మాట అడుగుతాను. మీ ఇంటికి ఎవరు వస్తే మీకు ఒళ్లు మండుతుంది అని. మొదట నవ్వేస్తారు. కాసేపటికి గొంతు తగ్గించి ఒక పేరు చెబుతారు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, ఆడపడుచో, తోడికోడలో, పాత యజమానో. ఆ మనిషి వస్తే ఎక్కడ కూర్చుంటారో అడిగి తెలుసుకుని, ఆ ఇంట్లో నేను పెట్టే మొదటి దీపం ఆ కుర్చీ కోసం పెడతాను.